ప్రాచీన చైనా, కొరియా, జపాన్: పిల్లలకి ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?

ఏడో తరగతికి మొదటిసారి ప్రాచీన చైనా చెప్పినప్పుడు నేను ముందు చేసిన పని చార్టు రాయడం. షాంగ్, జో, చిన్, హాన్ అని వరసగా వంశాలు, పక్కన క్రీ.పూ. సంవత్సరాలు, కింద రాజుల పేర్లు. నలభై ఐదు నిమిషాల పీరియడ్‌లో అరగంట దానికే పోయింది. మర్నాడు నిన్నటి పాఠంలో ఏం గుర్తుందని అడిగితే ఒక్క చెయ్యి లేచింది. "చిన్ అంటే చిన్న వంశం సార్, తొందరగా పోయింది" అన్నాడు. క్లాసంతా నవ్వింది గానీ వాడు చెప్పిందాంట్లో తప్పేం లేదు. చిన్ వంశం క్రీ.పూ. 221లో చైనాని ఒక్కటి చేసి పదిహేనేళ్ళకే కూలిపోయింది. ఆ ముక్క తప్ప మిగతా చార్టు ఎవరికీ గుర్తు లేదు.

ఆ తర్వాత వంశాల వరస మానేశాను. ఒక వస్తువునో, ఒక మనిషినో పట్టుకుని అక్కణ్ణుంచి లోపలికి వెళ్ళడం అలవాటు చేసుకున్నాను. అలా ఐదు దారులు ప్రయత్నించాను: షాంగ్ కాలపు ఎముకల రాతలు, చిన్ చక్రవర్తి మట్టి సైన్యం, జపాన్ జోమోన్ కుండలు, కొరియా రాతి సమాధులు, హ్యూయాన్‌త్సాంగ్ ప్రయాణం. ఐదూ మంచివే అని చెప్పి తప్పించుకోను. ఏది ఎవరికి పనికొస్తుందో, ఎక్కడ బెడిసికొడుతుందో చెప్తాను.

ముందు మీ లెక్క మీరు చూసుకోవాలి. మన దగ్గర ఆరు నుంచి ఎనిమిది దాకా చరిత్ర అంటే ఎక్కువగా భారతదేశ చరిత్రే. కాబట్టి ఇది ప్రాజెక్టు పీరియడ్‌లోనో, వేసవి క్లాసులోనో, ఇంట్లోనో జరగాల్సిన పని. మహా అయితే రెండు మూడు పీరియడ్లు దొరుకుతాయి. అమెరికాలో ఉన్న మనవాళ్ళ సంగతి వేరు. ఉదాహరణకి కాలిఫోర్నియాలో ఆరో తరగతిలోనే ప్రాచీన చైనా ఉంటుంది, ఏడులో మధ్యయుగాల చైనా, జపాన్ వస్తాయి. అక్కడి పిల్లలకి ఇంట్లో మళ్ళీ అదే పాఠం చెప్తే ఆవలిస్తారు.

ఎముకల మీద ప్రశ్నలు

నా ఓటు దీనికే. క్రీ.పూ. 1250 ప్రాంతం నుంచి సుమారు రెండు వందల ఏళ్ళపాటు ఇప్పటి అన్యాంగ్ దగ్గర షాంగ్ రాజుల రాజధాని ఉండేది. రాజుకి ఏ సందేహమొచ్చినా ఎద్దు భుజం ఎముకనో, తాబేలు పొట్టవైపు డిప్పనో అడిగేవాళ్ళు. వాన పడుతుందా, యుద్ధానికి వెళ్ళొచ్చా, పన్ను నొప్పి పెడుతోంది, పోయిన పెద్దల్లో ఎవరికి కోపం వచ్చింది, ఇలాంటివి. ఎముకకి వెనకవైపు చిన్న గుంటలు తొలిచి, అక్కడ బాగా వేడి తగిలేలా చేస్తే ముందువైపు చిటుక్కున పగులు వచ్చేది. ఆ పగులు ఎటు పోయిందో చూసి జవాబు చెప్పేవాళ్ళు. తర్వాత అడిగిన ప్రశ్నని దాని పక్కనే చెక్కేవాళ్ళు. చాలాసార్లు ప్రశ్న జంటగా ఉండేది: 'వాన పడుతుంది' అని ఒకవైపు, 'వాన పడదు' అని రెండోవైపు. దేవుడి ముందు రెండు చీటీలు వేసి చంటిపిల్లాడి చేత తీయించడం చూసిన పిల్లలకి ఇదంతా విడమరచి చెప్పక్కర్లేదు. వినగానే పట్టేస్తారు.

క్లాసులో చేసి చూపించడానికి తంటాలు పడ్డాను. ఒకసారి ఉత్సాహం ఎక్కువై కొబ్బరి చిప్పకి ఎర్రగా కాల్చిన మేకు ఆనించాను. చిప్ప పగల్లేదు సరికదా, గదంతా పొగ. పక్క క్లాసు టీచరుగారు ఏమైందోనని పరుగెత్తుకొచ్చారు. తర్వాత బంకమట్టికి మారాను. చపాతీ కన్నా కాస్త మందంగా బిళ్ళ చేసి ఎర్రటి ఎండలో పెడితే దానంతటదే పగుళ్ళిస్తుంది. మట్టిలో ఇసుక కలపొద్దు, కలిపితే పగలదు. కుండలు చేసేవాళ్ళు ఇసుక కలిపేది పగుళ్ళు రాకుండానే కదా, మనకి కావాల్సింది పగులు.

మా పిల్లలు బిళ్ళ మీద పుల్లతో రాసిన ప్రశ్న 'రేపు వాన పడి సెలవిస్తారు', 'ఇవ్వరు'. రెండ్రోజుల తర్వాత పగుళ్ళు చూస్తే నలభై మందికీ సెలవే కనిపించింది. అప్పుడడిగాను: "పగుళ్ళు చదివేది రాజే అయితే ఏమవుతుంది?" వెనక బెంచీ నుంచి ఒకమ్మాయి "ఆయనకి కావాల్సిందే కనిపిస్తుంది సార్" అంది. షాంగ్ రాజ్యంలో అధికారం ఎలా నడిచిందో నేను అరగంట చెప్పినా అంతకన్నా బాగా చెప్పలేను.

ఈ ఎముకల్లో పిల్లలు మరిచిపోని మనిషి ఒకావిడ ఉంది, ఫూ హావ్. రాజు వూ దింగ్ భార్య. ఆవిడ కాన్పు గురించి అడిగిన ఎముక ఒకటి దొరికింది. 'ఫూ హావ్ కాన్పు మంచిగా జరుగుతుందా' అన్నది ప్రశ్న. ఫలానా రోజైతే మంచిది, ఫలానా రోజైతే ఇంకా మంచిది అని రాజు పగులు చదివాడు. చివర్లో ఫలితం కూడా చెక్కారు: ముప్పై ఒక్క రోజుల తర్వాత కాన్పైంది, మంచి జరగలేదు, ఆడపిల్ల పుట్టింది. ఇది చదివి వినిపించి నేను ఏమీ మాట్లాడను. మాట్లాడాల్సిన అవసరం రాదు. ఆడపిల్లలందరూ ఒక్కసారే లేస్తారు. ఆ గొడవ సద్దుమణిగాక ఇంకో ఎముక సంగతి చెప్తాను: ఇదే ఫూ హావ్ కింద 13,000 మంది సైన్యాన్ని కూడగట్టారని దాని మీద ఉంది. 1976లో ఆవిడ సమాధి ఎవరూ దోచుకోకుండా చెక్కుచెదరకుండా దొరికింది. 400కు పైగా కంచు వస్తువులు, 700కు పైగా పచ్చరాతి వస్తువులు, వేలకొద్దీ గవ్వలు. అష్టాచెమ్మా ఆడే గవ్వ ఒకటి జేబులో పెట్టుకెళ్ళండి. చైనా రాతలో ఇప్పటికీ 'కొనడం', 'సంపద' లాంటి మాటల్లో గవ్వ గుర్తు ఉంటుందని చెప్పి ఆ గవ్వ చూపిస్తే చాలు.

రాత నేర్పడం కూడా ఇక్కణ్ణుంచే తేలిక. చెట్టుకి ఒక గుర్తు, రెండు చెట్లు పక్కపక్కన వేస్తే తోపు, మూడు వేస్తే అడవి. సూర్యుణ్ణీ చంద్రుణ్ణీ కలిపితే వెలుతురు. పిల్లలు పేజీలు నింపేస్తారు. అయితే ఒక జాగ్రత్త. చైనా అక్షరాలన్నీ బొమ్మలే అని నమ్మించకండి. ఎక్కువ అక్షరాల్లో ఒక ముక్క అర్థానికి, ఇంకో ముక్క ఉచ్చారణకి ఉంటుంది. 'అమ్మ' అనే అక్షరంలో ఒకపక్క స్త్రీ, ఇంకోపక్క గుర్రం ఉంటాయి. "అమ్మ గుర్రమా సార్?" అని పడీపడీ నవ్వుతారు. గుర్రాన్నీ 'మా' అనే అంటారు, అమ్మనీ 'మా' అనే అంటారు, స్వరం మాత్రం వేరు. గుర్రం అక్కడ నిలబడింది శబ్దం కోసమే.

దీంట్లో ఇబ్బంది ఒకటుంది. ఆ ఎముకల నిండా బలుల ప్రస్తావన ఉంటుంది, నరబలితో సహా. ఎనిమిదో తరగతికైతే దాచను. ఆరో తరగతికి అడిగితేనే చెప్తాను, అదీ రెండు ముక్కల్లో.

మట్టి సైన్యం

అందరూ ముందు దీని జోలికే వెళ్తారు, నేనూ వెళ్ళాను. 1974లో షీయాన్ దగ్గర రైతులు బావి తవ్వుతుంటే మట్టి తల బయటపడింది. చైనాని ఒక్కటి చేసిన చక్రవర్తి చిన్ షి హువాంగ్ సమాధి దగ్గర పాతిపెట్టిన ఈ మట్టి సైనికులు మొత్తం సుమారు 8,000 మంది ఉంటారని అంచనా. వీడియోలకి కొదవలేదు, పిల్లలు నోరు తెరుచుకుని చూస్తారు. చిక్కంతా అక్కడే. చూడటం అయిపోయాక చేయడానికి ఏమీ మిగలదు. పాఠం సినిమా షోలా ముగుస్తుంది. పరీక్షలో 'చాలా బొమ్మలున్నాయి' అని రాస్తారు.

దీన్ని ఎంచుకుంటే బొమ్మల సంఖ్యని వదిలేసి తయారీ పట్టుకోండి. కాళ్ళు, మొండెం, చేతులు, తల విడివిడిగా చేసి అతికించారు. కొన్నిటి మీద పనివాళ్ళ పేర్ల ముద్రలున్నాయి, ఏది పాడైతే ఎవర్ని పట్టుకోవాలో తెలియడానికి. ఇప్పుడు బూడిద రంగులో కనిపించే సైనికులందరికీ అప్పట్లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులు వేశారు. తవ్వి తీసిన నిమిషాల్లోనే ఆ రంగు ఎండి రాలిపోయింది. ఇంకోటి: ఈ చక్రవర్తి గురించి సుమారు వందేళ్ళ తర్వాత వివరంగా రాసిన చరిత్రకారుడు సిమా చియాన్ సమాధి లోపల పాదరసం నదులున్నాయని రాశాడు గానీ ఈ మట్టి సైన్యం ఊసే ఎత్తలేదు. పుస్తకంలో ఉన్నది తవ్వకంలో చూడలేదు, ఎందుకంటే అసలు సమాధి ఇంకా తవ్వలేదు. తవ్వకంలో దొరికింది పుస్తకంలో లేదు. ఎనిమిదో తరగతి పిల్లలకి దీని మీదే ఒక పీరియడ్ వాదన పెట్టొచ్చు.

అశోకుడి పాఠం అప్పటికే అయిపోయిన క్లాసైతే మట్టి సైన్యం బాగా పండుతుంది. అశోకుడు పోయేనాటికి ఈ చిన్ షి హువాంగ్‌కి సుమారు ఇరవై ఏడేళ్ళు. ఇద్దరూ రాళ్ళ మీద తమ మాట చెక్కించినవాళ్ళే. ఒకాయన కళింగ యుద్ధానికి బాధపడుతున్నానని రాయించాడు. రెండో ఆయన తన గెలుపునీ, తాను తెచ్చిన ఒకే రాతనీ, ఒకే తూకాలనీ పొగిడించుకున్నాడు. అశోకుడి పాఠం ఇంకా కాకపోతే ఆగండి.

జోమోన్ కుండలు

ఖర్చు తక్కువ, చేతికి పని ఎక్కువ. జోమోన్ అంటే తాడు గుర్తులు. 1877లో ఎడ్వర్డ్ మోర్స్ అనే అమెరికా జంతుశాస్త్రజ్ఞుడు తోక్యో దగ్గర ఓమోరిలో గుల్లల దిబ్బ తవ్వినప్పుడు దొరికిన కుండలకి అలా పేరొచ్చింది. పచ్చి మట్టి మీద తాడు అదిమి, దొర్లించి ఆ నగిషీ చేసేవాళ్ళు. కిరాణా కొట్టులో దొరికే పురికొస ఉండ ఒకటి, కాస్త మట్టి ఉంటే చాలు. పురికొసని రెండు పేటలుగా మెలేసి దొర్లిస్తే ఒక రకం గుర్తు, ముడి వేసి దొర్లిస్తే ఇంకో రకం. చేతులు కడుక్కోవడానికి మాత్రం పావుగంట వదిలిపెట్టండి. నేను వదల్లేదు, తర్వాతి పీరియడ్ లెక్కల నోట్సుల మీద మట్టి మరకలు పడ్డాయి, ఆ టీచరుగారి దగ్గర మాట నేను పడ్డాను.

ఈ పాఠంలో నాకు నచ్చేది వేరే. వేట, తర్వాత సేద్యం, తర్వాత స్థిరనివాసం, అప్పుడు కుండలు అని మన పిల్లలు ఒక మెట్ల వరస బట్టీపట్టి ఉంటారు. జోమోన్ వాళ్ళు దాన్ని తిరగేస్తారు. వరి సేద్యం రాకముందే, వేల ఏళ్ళ ముందే, వాళ్ళకి కుండలున్నాయి. ప్రపంచంలో దొరికిన అతి పాత కుండల్లో అవి కూడా ఉన్నాయి. ఉత్తర జపాన్‌లో సన్నాయ్ మారుయామా దగ్గర వందల ఏళ్ళు నిలిచిన పెద్ద ఊరు బయటపడింది. మీటరు మందం చెస్ట్‌నట్ మానులు ఆరు నాటిన గుంటలు అక్కడున్నాయి. తిండి? చెస్ట్‌నట్ కాయలు, చేపలు, అడవి జంతువులు. "పొలం లేకుండా ఊరెలా ఉంటుంది సార్?" అని అడిగారంటే పాఠం అందినట్టే.

లోటు ఏంటంటే ఇందులో కథ లేదు. ఒక్క మనిషి పేరు కూడా లేదు. యానిమే చూసే పిల్లలు సమురాయ్‌లు ఎప్పుడొస్తారని అడుగుతూనే ఉంటారు. సమురాయ్‌లు వేల ఏళ్ళ తర్వాతివాళ్ళని ముందే చెప్పేయండి, లేకపోతే చివరిదాకా ఎదురుచూస్తారు.

కొరియా రాతి సమాధులు

చైనా చెప్పి తిన్నగా జపాన్‌కి దూకేయడం అందరూ చేసే పొరపాటు. మధ్యలో వారధి కొరియా. బౌద్ధం గోగుర్యో రాజ్యానికి 372లో, బెక్జేకి 384లో చేరింది. 6వ శతాబ్దంలో బెక్జే నుంచే జపాన్‌కి వెళ్ళింది. అయినా కొరియా పాఠానికి వచ్చేసరికి టైము అయిపోతుంది.

మన దగ్గర దీనికి ఓ మంచి మొదలు ఉంది. ములుగు జిల్లా దామరవాయి వైపు వెళ్ళినవాళ్ళు పెద్ద బండపలకలు నిలబెట్టి, పైన ఇంకో బండ కప్పిన సమాధులు చూసే ఉంటారు. రాక్షసగుళ్ళు అంటారు. కొరియాలో గోచాంగ్, హ్వాసున్, గాంగ్‌హ్వాల్లో ఇలాంటివే వందలకొద్దీ ఉన్నాయి. 2000లో యునెస్కో వాటిని ప్రపంచ వారసత్వంలో చేర్చింది. ఇంచుమించు క్రీ.పూ. మొదటి సహస్రాబ్దివి. రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టి ఏది ఎక్కడిదో చెప్పమనండి, సగం మంది తప్పు చెప్తారు. 'మరైతే మనవాళ్ళే వెళ్ళి కట్టారా?' అన్న ప్రశ్న వస్తుంది. కాదు. రాయి, బలం, పోయినవాళ్ళ మీద గౌరవం ఉన్న చాలా చోట్ల, యూరప్‌లో కూడా, మనుషులు ఇలాంటివి కట్టారు.

కె-డ్రామాలు చూసే ఇళ్ళలో ఇంకో రెండు మాటలు ఎదురవుతాయి. ఒకటి, వాళ్ళూ మనలాగే అప్పా, ఒమ్మా అంటారు కాబట్టి చుట్టాలమే అని. పసిపిల్లలు ముందు పలికే శబ్దాలు అవే కాబట్టి లోకంలో ఎన్నో భాషల్లో అమ్మానాన్నల పేర్లు ఇలాగే ఉంటాయి. రెండోది, క్రీ.శ. 48లో అయుత దేశం నుంచి పడవలో వెళ్ళి కొరియాలోని గయా అనే రాజ్యపు రాజు సూరోని పెళ్ళాడిన రాజకుమారి హో హ్వాంగ్-ఓక్ కథ. అయుత అంటే అయోధ్య అని వాట్సాప్‌లో తిరుగుతుంటుంది. ఆ కథ దొరికేది 13వ శతాబ్దపు గ్రంథంలో. 48కీ దానికీ మధ్య పన్నెండు వందల ఏళ్ళు. కథని కథగా చెప్పండి, పిల్లల చేతే ఆ తీసివేత లెక్క చేయించండి. ఇంకో మాట, కొరియా లిపి హంగుల్ 1446లో ప్రకటించింది. పిల్లలకి ఎంత ఇష్టమైనా అది ప్రాచీన చరిత్రలోకి రాదు.

హ్యూయాన్‌త్సాంగ్ ప్రయాణం

మన పిల్లలకి అన్నిటికన్నా దగ్గరిది ఇదే, అందుకే నేను దీన్ని ఆఖర్న పెడతాను. 7వ శతాబ్దంలో దేశం దాటకూడదన్న ఆజ్ఞ ఉండగా ఈ చైనా బౌద్ధ భిక్షువు దొంగచాటుగా బయల్దేరాడు. పదహారేళ్ళకి పైగా తిరిగి, 645లో 657 గ్రంథాలతో చైనా రాజధాని చాంగాన్‌కి చేరాడు. మధ్యలో ఆంధ్రదేశానికీ వచ్చాడు. ధాన్యకటకంలో, అంటే మన అమరావతి ప్రాంతంలో, కొన్ని నెలలు ఉండి చదువుకున్నాడు. అక్కడ చాలా ఆరామాలు పాడుబడి ఉన్నాయని రాశాడు. అంతకు నాలుగు వందల ఏళ్ళ ముందే నాగార్జునకొండ శాసనమొకటి బౌద్ధం చేరిన దేశాల పేర్లు చెప్తూ చీనాని కూడా లెక్కేసింది.

సాహసం ఉంది, మ్యాపు ఉంది, మన ఊరు ఉంది. ఇంకేం కావాలి అనిపిస్తుంది. నాకూ అనిపించింది. ఆ ఏడు దీనితోనే మొదలుపెట్టి నాలుగు పీరియడ్లు చెప్పాను. 'ప్రాచీన చైనా గురించి నీకు తెలిసింది రాయి' అని టెస్టు పెడితే సగం పేపర్లలో నలంద ఉంది, హర్షుడున్నాడు, అమరావతి ఉంది. చైనా లేదు. అంతా మన దగ్గర్నుంచే వెళ్ళిందన్న గర్వం ఒక్కటే మిగిలింది. ఆయన ఎక్కణ్ణుంచి వచ్చాడో, తిరిగి వెళ్ళి ఏం చేశాడో పిల్లలకి పట్టలేదు. ఆయన మిగతా జీవితమంతా ఆ గ్రంథాల్ని చైనా భాషలోకి అనువదించడంలోనే గడిచింది. ఇప్పుడు నేను కథ చాంగాన్‌లో మొదలుపెట్టి చాంగాన్‌లోనే ముగిస్తాను. మధ్యలో ధాన్యకటకానికి పది నిమిషాలు.

ఎవరికి ఏది

ఒకటి రెండు పీరియడ్లే ఉండి, క్లాసులో నలభై యాభై మంది ఉంటే ఎముకలే. బల్ల మీద బొమ్మలు గీస్తూ, ఫూ హావ్ కథ చెప్తూ, మట్టి లేకుండా కూడా లాగించొచ్చు. ఇంట్లో ఇద్దరు పిల్లలు, ఆదివారం మధ్యాహ్నం ఖాళీ అంటే జోమోన్ కుండలు. అశోకుడి పాఠం అయిపోయిన ఎనిమిదో తరగతికి మట్టి సైన్యం. ములుగు, భద్రాద్రి వైపు బడి అయితే కొరియాతో మొదలుపెట్టడానికి సందేహించకండి. పిల్లల్ని బస్సెక్కించి రాక్షసగుళ్ళు చూపించే వీలు మిగతావాళ్ళకి లేదు. విదేశాల్లో బడిలో చైనా పాఠం అయిపోయిన పిల్లలకి మాత్రం హ్యూయాన్‌త్సాంగ్ ముందు రావచ్చు. వాళ్ళకి తెలియంది ధాన్యకటకమే. సెలవులకి వచ్చినప్పుడు అమరావతి మ్యూజియం చూపించి, నాగార్జునసాగర్‌లో లాంచీ ఎక్కించి నాగార్జునకొండకి తీసుకెళ్ళండి.

పది పీరియడ్లు ఉన్న అదృష్టవంతులు ఎముకలతో మొదలుపెట్టి, కొరియా మీదుగా జపాన్ దాకా వెళ్ళొచ్చు. చిన్ అనే పేరుని ఇంగ్లీషు అక్షరాలు చూసి 'క్విన్' అనీ, షీయాన్‌ని 'జియాన్' అనీ రాసుకుంటారు, మొదటిరోజే తెలుగులో బల్ల మీద రాసిపెట్టండి.

పదిలో ఆఖరి పీరియడ్‌కి నేను దాచుకునేది జపాన్‌లోని నారా నగరం. 752లో అక్కడి తోదాయ్‌జి గుడిలో మహాబుద్ధుడి కంచు విగ్రహానికి కళ్ళు దిద్దారు. మన గుళ్ళలో విగ్రహానికి నేత్రోన్మీలనం చేసినట్టే. కుంచె పట్టుకున్నది భారతదేశం నుంచి వెళ్ళిన బోధిసేనుడు. ఆ కుంచెకి పొడవాటి దారాలు కట్టి, కింద నిలబడ్డ జనం వాటి కొసలు పట్టుకున్నారు, కళ్ళు దిద్దిన పుణ్యం అందరికీ రావాలని. జోమోన్ కుండలకి తెచ్చిన పురికొస ఉండలో మిగిలింది ఉంటుంది కదా, దాన్ని ఒక చాక్‌పీసుకి కట్టండి. బల్ల మీద కళ్ళు లేని ముఖం గీసి ఉంచండి. బోధిసేనుడిగా ఎవరుండాలన్న తగువు తేలడానికే మా క్లాసులో పది నిమిషాలు పట్టింది, చివరికి చీటీలు వేశాం.